అంబలి కుండా, ఊటీ బస్సూ

మా ముత్తాత ఐరాల పక్కన మూడు ఊళ్ళకు మునసబు. ఆయన శిస్తు వసూలుకు గుర్రం మీద వస్తుంటే వీధికుక్కలు కూడా పక్కకు తప్పుకునేవని చెప్పుకునేవారు. మా తాత కూడా మునసబే. గుర్రం పోయి ఎద్దులబండి వచ్చింది గానీ, ఊరి తగాదాలన్నీ మా అరుగు మీదే తీరేవి. మా నాయన కాలానికి సైకిలు వచ్చింది. ఆయన బతికుండగానే ప్రభుత్వం మునసబు ఉద్యోగాలనే ఎత్తేసింది. నేను చిత్తూరులో ఒక ఆఫీసులో గుమాస్తానయ్యాను. ఇందులో దాచుకోవలసింది ఏమీ లేదు. మా వాళ్ళెవరూ తల వంచుకుని నడవలేదు, నేనూ నడవను. ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయిన ఆదివారం మా చిన్న కూతురు కాఫీ తాగుతూ తాగుతూ, ఫోను మీద వేలితో నాలుగుసార్లు తాకి మున్నారు ప్రయాణం రద్దు చేసేసింది. పిల్లవాడికి జలుబట. కప్పులో కాఫీ చల్లారకముందే హోటలు గది, కారు అన్నీ వెనక్కి పోయాయి. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు, ఎవరి ముందూ నిలబడలేదు. చూస్తూ కూర్చున్న నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో ఒకప్పుడు ఊటీ ప్రయాణంలో ఒక్క సీటు మార్చడానికి ఒక పూజారి, ఒక గ్రామదేవత, ఒక పెళ్ళిచీర కలగజేసుకోవలసి వచ్చింది.

అది తొంభైల నడిమి కాలం. చిత్తూరులో మే నెల ఎట్లుంటుందో తెలిసినవాళ్ళకు చెప్పనక్కర లేదు. సాయంత్రం ఆరు దాటినా గోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది. పెళ్ళయినప్పటి నుంచీ ఊటీ అంటున్న నా భార్య మాట ఆ ఏడు నెగ్గింది. తిరుపతి బస్టాండు ఎదురుగా ఉన్న ఒక ట్రావెల్స్ వాళ్ళు మైసూరు, ఊటీ చూపించి తీసుకొచ్చే బస్సులో మా ఇద్దరికీ, ఆడపిల్లలిద్దరికీ, మా అమ్మకూ సీట్లు తీసుకున్నాను. వంటవాళ్ళు కూడా బస్సులోనే వస్తారు. బస్సు తిరుపతిలో శుక్రవారం పొద్దున బయలుదేరి చిత్తూరులో మమ్మల్ని ఎక్కించుకుని పలమనేరు మీదుగా పోతుంది. అమ్మను ఏదో మర్యాదకు చేర్చామే గానీ, ఆమె వస్తుందని మేమెవరమూ అనుకోలేదు. కాణిపాకం, తిరుమల, కాళహస్తి తప్ప ఆమె చూసిన ఊరు లేదు. చలి అంటే ఆమెకు పలమనేరు చలే. కానీ అడిగిన రోజే ఆమె ట్రంకు పెట్టె అడుగు నుంచి మా నాయన ఉన్ని శాలువా తీసి డాబా మీద ఎండేసింది. కొత్తకోడలిగా వచ్చినప్పుడు మా తాత ఆమెకు ఊటీ సంగతులు చెప్పాడట. ఎవరో దొరగారి వెంట అక్కడికి పోయొచ్చిన మనిషి ఆయన. ఆ ఊళ్ళో మాట్లాడితే నోట్లోంచి మాటతో పాటు పొగ వస్తుందన్నాడట. నలభై ఏళ్ళకు పైగా ఆమె ఆ పొగను మనసులో పెట్టుకుని ఉందని మాకు తెలియదు.

ఇక మా ఊరి గంగమ్మ జాతర గురించి చెప్పాలి. జాతరకు వారం ముందు మంగళవారం నాడు ఊళ్ళో డప్పు కొట్టి చాటింపు వేస్తారు. చాటింపు విన్నవాళ్ళు పగలు ఎక్కడికి పోయినా, జాతర ముగిసేదాకా రాత్రికి పొలిమేర లోపలే నిద్ర చేయాలి. మొదటి డప్పు మా గడప ముందు మోగాలి. జాతర నాడు అమ్మవారికి పోసే మొదటి అంబలి కుండ మా ఇంటి నుంచే లేవాలి. దాన్ని ఇంటి ఆడమనిషి తలమీద ఎత్తుకుపోవాలి. ఉద్యోగాలు తీసేసిన ప్రభుత్వం దీన్ని తీసేయలేకపోయింది. మేమంతా చిత్తూరులో ఉండి ఊళ్ళోని ఇల్లు ఏడాదిలో చాలా భాగం తాళం వేసి ఉన్నా, ఆ కుండ ఏనాడూ తప్పలేదు. ఆ ఏడు వానల్లేక బావులెండిపోయి, జాతర వద్దని పెద్దలు తీర్మానించారు. ఆ ధైర్యంతోనే నేను సీట్లు తీసుకున్నది. తీరా ప్రయాణం వారంలో రెండు మంచి వానలు పడ్డాయి. పెద్దలు మనసు మార్చుకున్నారు. ఆ సంగతి తెలియక, మామిడితోట గుత్తకిచ్చే పని మీద నేనూ అమ్మా మంగళవారం ఊళ్ళోకి దిగాము. గుత్తదారుతో బేరం తెగకముందే గడప ముందు డప్పు మోగింది. నేను లేచి కండువా సవరించుకుని, తాంబూలం అందించి, జాతరకు మాట ఇచ్చేశాను. వెనక నిలబడిన అమ్మ లోపలికి పోయి పొయ్యి రాజేసింది. ప్రయాణం మానుకోవడానికి ఆమె ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే చిత్తూరు పోయి నా భార్యకు సంగతి చెప్పాను. ఆమె పిల్లల స్వెట్టర్లు మడత పెడుతోంది. మడత ఆపలేదు. "పోయి రద్దు చేసి రాండి. అత్తమ్మకు మాత్రం మీరే చెప్పుకోండి," అంది. అత్తమ్మకు తెలుసునన్నాను. ఆమె నా మొహంలోకి చూసి మళ్ళీ స్వెట్టరు మీదికి పోయింది. తిరుపతి బస్సెక్కాను. ట్రావెల్స్ ఆఫీసులో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి మాత్రం రోడ్డు మీది నుంచే వస్తోంది. కౌంటరులో ఉన్న యువకుడు మర్యాదస్తుడు. ఇంత ఆఖరున రద్దు చేస్తే సీట్లు వృథా అవుతాయని, పేర్లు మార్చుకోవాలంటే మార్చుకోవచ్చని చెప్పాడు. మా కుటుంబంలో ఇచ్చిన మాటకు ముందు ఇట్లాంటివి లెక్కలోకి రావని, ఐదూ రద్దు చేయమని చెప్పాను. అతడు పెన్ను చేతిలోకి తీసుకుని ఆగాడు.

"అవ్వకు ఒంట్లో బాగలేదా సార్?" అన్నాడు.

ఏ అవ్వ అని అడిగాను.

"మీ అమ్మగారే సార్. రెండుసార్లు ఫోన్ చేసినారు. కిటికీ పక్కన సీటు కావాలని ఒకసారి. ఊటీ కొండల్లో పొగబండి ఎక్కిస్తారా, ఊరికే దూరం నుంచి చూపించి తీసుకొచ్చేస్తారా అని ఇంకోసారి. ఎక్కిస్తామని మాటిచ్చినా."

మా అమ్మ ఫోను పట్టుకోవడం నేనెన్నడూ చూడలేదు. పక్కవీధి ఎస్టీడీ బూతుకు మనవరాలిని వెంటబెట్టుకుని పోయిందని తర్వాత తెలిసింది. ఆ కుర్రవాడి చేత నా పేరు ఒక్కటే కొట్టేయించి పలమనేరులో ఉన్న మా బావమరిది పేరు రాయించాను. అతనికి ప్రయాణమంటే చాలు, ఎక్కడికని కూడా అడగడు. కిటికీ సీటు అట్లాగే ఉంచమని చెప్పి, పొద్దు వాలేలోగా ఊరు చేరాను.

అమ్మతో టికెట్లు రద్దు చేయలేదన్నాను. "చేయలేదా," అంది అంతే. ఆ సాయంత్రమే జాతర పూజారి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మా నాయన ఈడువాడు, మా ఇంట్లో చనువున్న మనిషి. మంగళవారం కుండ ఎత్తడానికి అన్నీ సిద్ధమేనా అని అడిగాడు. గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న అమ్మ, తల ఎత్తకుండా తాను శుక్రవారం ఊటీకి పోతున్నానని చెప్పింది.

"చాటింపు అయిపోయింది గదమ్మా. పొలిమేర దాటి యాడ పడుకుంటావు?"

"ఏం చాటింపు? నాకు ఇనబడ్లేదే. చెవులు మునపటి మాదిరి లేవప్పా."

నాలుగిళ్ళ అవతల టెంకాయ రాలితే ఏ చెట్టుదో చెప్పగల మనిషి ఆమె. ఆ సంగతి పూజారికీ తెలుసు. ఆయన నావైపు చూశాడు. నేను దూలం వైపు చూశాను.

"అట్లయితే డప్పు మళ్ళా పిలిపిస్తా. నీ ముందరే ఒకసారి కొట్టిస్తా."

"ఇప్పుడొద్దులే. వచ్చినాక కొట్టించు, బాగా ఇంటా."

పూజారి నవ్వీ నవ్వీ తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, అమ్మవారు ఏమనుకుంటుందో ఆలోచించావా అన్నాడు.

"ఆమె మాత్రం ఆడది కాదా? వచ్చినప్పట్నుంచీ ఈ ఊరు దాటింది లేదు. ఆడ ఎట్లుండాదో పోయొచ్చి ఆమెకూ చెప్తా."

పూజారి మళ్ళీ నవ్వాడు. కానీ కుండ మాట మిగిలే ఉంది. నవ్వాపి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మా ఇంటి నుంచి కుండ లేవకపోతే తర్వాతి గడప రైసుమిల్లు వాళ్ళది. వాళ్ళు చాలా ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. ఒకసారి అటు పోయిందంటే మళ్ళీ ఇటు రాదు. మా ఇంటి కుండ మా ఇంటి నుంచే లేస్తుందన్నాను. ఎవరెత్తుతారని అడిగాడు. నా భార్యను ఆపడం నా చేతిలో పని, కానీ ఆ స్వెట్టర్ల మడతలు కళ్ళముందు కదిలాయి. నేనేమీ అనకముందే పూజారి, "ఏషం కట్టు," అన్నాడు.

మా వైపు గంగజాతరలో మగవాళ్ళు మొక్కుకుని ఆడవేషం కడతారు. అది అమ్మవారికి ఇష్టమైన సేవ. చీర కట్టి వచ్చిన మగవాడు ఆమె కంటికి ఆడమనిషే. కానీ మునసబు ఇంటివాళ్ళు అరుగు మీద నిలబడి వేషాలను చూసేవాళ్ళే తప్ప కట్టినవాళ్ళు లేరు. అమ్మ చింతపండు చేట పక్కన పెట్టి లోపలికి పోయింది. వచ్చేటప్పుడు చేతిలో ఆమె పెళ్ళిచీర ఉంది.

"ఎత్తు సరిపోతాది. కట్టేది నేర్పిస్తా, రా," అంది.

గురువారమంతా ఆ నేర్పడంతోనే గడిచింది. కుచ్చెళ్ళు పెట్టడం ఎంత కష్టమైన విద్యో ఆనాడు తెలిసింది. ఎన్నిసార్లు జారిపోయినా విసుక్కోకుండా ఆమె నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ సర్దింది. బడికి పంపేటప్పుడు చొక్కా గుండీలు పెట్టిన చేతులే అవి. మీసం మాత్రం తీయనన్నాను. అమ్మవారికి మీసంతో పేచీ లేదని పూజారి హామీ ఇచ్చాడు. శుక్రవారం చిత్తూరులో బస్సెక్కించాను. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని శాలువా అప్పుడే కప్పేసుకుంది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

మంగళవారం నాడు పెళ్ళిచీర కట్టి, వేపమండలు చుట్టిన అంబలి కుండ తలమీద పెట్టుకుని గడప దాటాను. నవ్వుతారనుకున్నాను. నవ్వినవాళ్ళు లేరు. చిన్నప్పటి నుంచి నిటారుగా నడవమని మా ఇంట్లో కొట్టి నేర్పింది ఆ రోజు పనికొచ్చింది. ఒక్క చుక్క ఒలకలేదు. దారిలో ఒక ముసలామె పక్కనున్న ఆమెతో, "అచ్చం వాళ్ళమ్మ నడిచినట్టే ఉండాది," అనడం విన్నాను. నా ఉద్యోగంలో గానీ బయట గానీ నాకు దక్కిన మెప్పులన్నిటిలో దాన్నే పైన పెడతాను. గుడి దగ్గర జనానికి అంబలి పోసేటప్పుడు రైసుమిల్లు ఆయన కూడా వరుసలో నిలబడి రెండు చేతులూ పట్టాడు. దోసిలి నిండా పోశాను.

వాళ్ళు బుధవారం వచ్చారు. నీలగిరి తైలం, వర్కీ బిస్కెట్లు, ఎర్రటి క్యారెట్లు, మా బావమరిది కొన్న పనికిరాని టోపీ ఒకటి. పొగబండి ఎట్లుందని అమ్మను అడిగాను. "మనిషి నడిచినంత నిదానంగా పోతాది. నాకు బాగుండాది. అడవంతా సూసుకుంటా పోయినా," అంది. నోట్లోంచి పొగ వచ్చిందా అన్నాను. రోజూ తెల్లారుజామున లేచి బయటికి పోయి మాట్లాడి చూసిందట, రాలేదట. "మీ తాత కోతలు కోసినాడు," అంది. ఆయన పోయింది మార్గశిరంలో అయ్యుంటుందని, మే నెలలో ఎట్లా వస్తుందని సర్దిచెప్పాను. మా తాత అబద్ధమాడే మనిషి కాదు. ఆమె ఒప్పుకోలేదు గానీ, నవ్వుతూనే చీర అడిగి తీసుకుని, పోసేటప్పుడు అంచుకు అంటిన అంబలి మరకను చాలాసేపు చూసింది.

ఆ తర్వాత ఆమె మరెక్కడికీ పోలేదు, పోవాలని అడగనూ లేదు. తన కుండ తానే ఎత్తింది, చేతనైనంత కాలం. ఆమె పోయి కూడా చాలా ఏళ్ళయింది. మా ముత్తాత గుర్రం ఏ రంగుదో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ లేరు. కానీ ఆ గురువారం మధ్యాహ్నం మాత్రం, కుచ్చెళ్ళు పట్టుకున్న ఆ చేతులతో సహా, నిన్నటి మాదిరే ఉంది. కాలం వేటిని ఉంచుతుందో, వేటిని తీసుకుపోతుందో మన హోదా చూసి నిర్ణయించదు. మామిడితోట రెండువేల సంవత్సరం దాటగానే అమ్మేశాం. ఆ తర్వాత ఇల్లు కూడా, గడపా అరుగులతో సహా, రైసుమిల్లు వాళ్ళకే అమ్మాము.