చల్లబెట్టిన నెత్తురు

చెరకురసం బండి దగ్గర ఐసుగడ్డ పగలగొట్టే చప్పుడు వింటే ఇప్పటికీ నా అరచేయి తిమ్మిరెక్కుతుంది. కర్నూలు ఆసుపత్రి ముందు రోడ్డు, ఆ వెంటనే కమలమ్మ సిస్టరు గుర్తొస్తారు. కడప మనిషి. నవ్వడం తక్కువ. ముప్పై దాటాక నాకు అక్షరాలు నేర్పింది ఆమే. అంతకంటే కష్టమైనది ఇంకొకటి కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

మాది బేతంచెర్ల. నా భర్త రాజన్న నాపరాళ్ళ గనిలో పని చేసేవాడు. ఒక ఎండాకాలం కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతే కర్నూలుకు తెచ్చాము. పేగు మెలిక పడిందని కోసి సరిచేశారు. కానీ కడుపు మళ్ళీ ఉబ్బింది. నోట్లో గొట్టం వేసి ఐసీయూలో పెట్టారు. పూటపూటకూ పరీక్షకని నెత్తురు తీసేవారు. ఆ పరీక్ష చేసే యంత్రం రోడ్డు అవతల ల్యాబులో ఉండేది. నెత్తురు సీసాను ఐసులో పెట్టుకుని మేమే తీసుకుపోవాలి.

"ఇది ఏం చెప్తాది సిస్టరూ?" అని అడిగాను.

"ఒంట్లో యాడన్నా నెత్తురు అందకపోతే ఒక పులుపు పుడతాది. అది పెరుగుతాంటే పేగు చచ్చిపోతాందేమోనని అనుమానం. పేగేనని మటుకు అది చెప్పదు. కడుపు కూడా చూసి డాక్టర్లు తేల్చుకోవాల."

ఒకరోజు మధ్యాహ్నం సీసాను మా అత్త తీసుకుపోయింది. దారిలో ఐసు పారబోసి, సీసాను కొంగులో చుట్టి ఎదకు హత్తుకుంది. ల్యాబు ముందు జనం. చాలాసేపు అట్లాగే నిలబడింది. పరీక్ష కాగితంలో అంకె ఒక్కసారిగా పెరగడం చూసి సిస్టరు కనుబొమ్మలు ముడిచారు.

"సీసా యాడ పెట్టుకున్నావవ్వా?"

"నా ఎదకాడ! పీనుగును పెట్టినట్ల నా కొడుకు నెత్తురును ఐసులో పెడతారా? మీ మాదిరి ఐసుగడ్డలమా మేము?"

సిస్టరు కసురుకోలేదు. "వెచ్చగుంటే సీసాలో కూడా ఆ పులుపు ఊరుతాదవ్వా. మళ్ళా తీస్తాం" అన్నారు. ఈసారి ఐసులో పెట్టుకుని నేను పోయాను. ల్యాబు బల్ల మీద నాలాంటి వాళ్ళు తెచ్చిన సీసాలు వరుసగా ఉన్నాయి. అన్నిటి మీదా పేర్లున్నాయి. వాటిలో కలిశాక నా మొగుడి నెత్తురు ఏదో చదవడం రాని నాకు తెలియలేదు.

అంకె కిందికి వచ్చింది. అత్త రెండు చేతులూ ఎత్తి మొక్కింది. పెరిగితే మళ్ళీ కోసి చూడాలని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. "తగ్గింది గదా, మళ్ళా కోయనీయం" అన్నాడు మరిది. సిస్టరు నన్ను పక్కకు పిలిచారు. "ఇది తగ్గడం కాదు లక్ష్మీ. అవ్వ తీసుకుపోయింది లెక్కకు రాదు. పొద్దుటిదాని కంటే శానా పెరిగింది. డాక్టరు నిన్నే అడుగుతాడు." ఇంట్లో వాళ్ళను కాదని నోరు తెరవడం నాకు అదే మొదలు. కోయమన్నాను.

పేగంతా నల్లబడిపోయి ఉంది. తీయడానికి ఏమీ లేదని కడుపు మూసేశారు. అందరూ దేవుడున్నాడు అంటూంటే సిస్టరు మాత్రం నా దగ్గర కూర్చుని, "ఇంక బతకడు. లోపలికి పో. వినపడతాదో లేదో నాకు తెలీదు, అయినా మాట్లాడు" అన్నారు. మా పాపకు పాలపన్ను ఊడిందని ఆయనకు చెప్పాను.

"సీసా మళ్ళా పంపిన ఆలస్యం వల్లనేనా?" అని రాజన్న పోయాక సిస్టరును అడిగాను. "తెలీదమ్మా. పేగు అప్పటికే చచ్చిపోయిందేమో. అవ్వ అడిగినా అదే చెప్పు. అది అబద్ధం కాదు."

ఆ వార్డులోనే నన్ను సిస్టరు ఆయాగా పెట్టించారు. మధ్యాహ్నాలు దుప్పట్ల గదిలో కూర్చోబెట్టి సీసాల మీది పేర్లతో అక్షరాలు నేర్పారు. మనం ఎవరి నెత్తురు మోస్తున్నామో మనకు తెలియాల అనేవారు. నాకు బాగా చదవడం వచ్చేసరికి ఆమె కడపకు బదిలీ అయ్యారు. అక్కడే పోయారని విన్నాను.

అత్త ఏళ్ళ తరబడి ఏమీ అడగలేదు. మంచాన పడ్డాక ఒకరోజు నేను గంజి తాగిస్తూంటే నా చేయి పట్టుకుని ఆపింది. "నా వల్లనే పోయినాడా వాడు?"

కాదు అనే మాట నాలుక దాకా వచ్చింది. అట్లా అంటే ఆమె నమ్మేది కాదు.

"తెలీదత్తా" అన్నాను. "సిస్టరుకు కూడా తెలీదు."

ఆమె నా చేయి వదిలింది. తరువాత నోరు తెరిచి మిగిలిన గంజి తాగింది.