హవల్దార్ గారి ఛుట్టీ

2023 వానాకాలం. జగదల్‌పూర్ ఊరి చివర, మాజీ సైనికులకూ వాళ్ల కుటుంబాలకూ వైద్యం చేసే ఒక చిన్న ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సును. వార్డు పనితో పాటు మా మేట్రన్ నాకు ఇంకో పని అప్పగించారు. నర్సింగ్ కాలేజీల నుంచి క్లినికల్ పోస్టింగుకి, అంటే రోగుల దగ్గర ఉండి పని నేర్చుకోవడానికి, అమ్మాయిలు వస్తుంటారు. వాళ్లకూ వాళ్లతో వచ్చే ట్యూటర్లకూ మొదటి రోజు ఓరియెంటేషన్ ఇవ్వాలి. ఈ ఆసుపత్రి ఎలాంటిదో, ఇక్కడ ఎలా మెలగాలో చెప్పాలి.

నలుగురి ముందు నిలబడితే నాకు గొంతు పెగలదు. ఆ సంగతే చెప్పుకుంటే మేట్రన్ నవ్వేశారు. "తెలుగు, హిందీ, హల్బీ, కాస్త గోండీ. ఇన్ని భాషలు కడుపులో పెట్టుకుని నోరు లేదంటావా?" అన్నారు. మాది భోపాల్‌పట్నం. నాన్నకు బట్టల కొట్టు ఉంది. కొట్లో కూర్చుని పెరిగిన పిల్లకు ఆ భాషలన్నీ వినీ వినీ వచ్చేస్తాయి. వినడం వేరు, మాట్లాడడం వేరు అని ఆవిడకు చెప్పలేకపోయాను.

మా దగ్గర ఓరియెంటేషన్ చేతులు కడుక్కోవడంతో మొదలైనా అక్కడితో ఆగదు. నిద్రపోతున్న ఫౌజీని, అంటే మాజీ సైనికుణ్ణి, భుజం తట్టి లేపకూడదు. మంచం కాళ్ల వైపు నిలబడి పేరు పెట్టి పిలవాలి. ఎందుకంటే కొందరు ఉలిక్కిపడి చెయ్యి విసురుతారు, తర్వాత వాళ్లే సిగ్గుపడతారు. వెనక నుంచి వెళ్లకూడదు. స్టీలు ట్రే కింద పడెయ్యకూడదు. యుద్ధంలో ఎంతమందిని చంపారని ఎట్టి పరిస్థితిలోనూ అడగకూడదు. అందరినీ హోదాతో పిలవాలి. హవల్దార్ సాబ్, సుబేదార్ సాబ్, అలా.

ఆ వానాకాలం వచ్చిన బ్యాచ్‌కు ఇవన్నీ చెప్పి, ఏమైనా అడుగుతారా అన్నాను. అందరూ తలలు వంచుకున్నారు. వెనక వరుసలో ఒక సన్నటి అమ్మాయి మాత్రం చెయ్యి సగం ఎత్తింది.

"అక్కా, వాళ్లు వార్డుల వర్దీ ఏసుకుంటరా?"

"లేదు. ఆసుపత్రి వాళ్లిచ్చే నీలం గీతల బట్టలే."

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. పేరు సమ్మక్క. కిష్టారం వైపు పిల్ల. నక్సలైట్లకూ బలగాలకూ మధ్య నలిగిన అడవి ఊళ్లు అవి. ఆ వైపు నుంచి వచ్చిన పిల్ల యూనిఫారం గురించి ఎందుకు అడుగుతుందో మా జిల్లాల్లో ఎవరూ ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు. నేనూ అడగలేదు.

వాళ్లతో వచ్చిన ట్యూటర్ విమల మేడమ్. ఆవిడది ఆంధ్ర. నాన్నగారి ఉద్యోగం వల్ల ఇక్కడి గనుల టౌన్‌షిప్‌లో పెరిగారట. మనిషి మంచిదే కానీ మాట ఖచ్చితం. ఆవిడకు ఒక పంతం ఉండేది. అమ్మాయిలు వార్డులో ఇంటి మాటలు మాట్లాడకూడదు, వృత్తి మాటలే వాడాలి. మా ప్రాంతంలో ఆసుపత్రి నుంచి రోగిని ఇంటికి పంపిస్తే 'ఛుట్టీ అయింది' అంటారు. డాక్టర్లూ అంటారు, ఆటోవాళ్లూ అంటారు. తెలుగు ఇళ్లల్లో అది 'సుట్టి' అవుతుంది. సమ్మక్క ఒకసారి ఆ మాట అనగానే మేడమ్ పట్టుకున్నారు.

"ఛుట్టీ ఏంటమ్మా, బడి గంట కొట్టినట్టు? డిశ్చార్జి అనాలి. ఏదీ, అను."

"డిశ్చార్జి, మేడమ్."

"హిందీలో, రేపు మీకు డిశ్చార్జి అని పేషెంటుకు చెప్పినట్టు."

"సర్, కల్ ఆప్‌కా డిశ్చార్జ్ హై."

"అదీ. అలా ఉండాలి."

సమ్మక్కకు అప్పగించిన రోగి ఎర్రయ్య గారు. మద్దేడ్ దగ్గరి పల్లె. ఫౌజులో హవల్దారుగా రిటైరై, ఊళ్లో వరి పండించుకుంటున్న పెద్దాయన. షుగర్ ఉంది. పొలంలో బొటనవేలికి ఏదో గుచ్చుకుంటే పట్టించుకోలేదు. అది పుండై, పాదమంతా ఎర్రగా వాచి, జ్వరంతో వచ్చారు. వేలు తీసెయ్యాల్సి రావచ్చని సర్జన్ మొదట్లోనే అన్నారు. మొదటి రెండు మూడు రోజులు సాయంత్రమైతే ఆయనకు ఊరూ వేళా కలగాపులగమయ్యేవి. పెద్ద వయసులో జ్వరం, కొత్త చోటు కలిస్తే ఇలా అవుతుంది. డెలీరియం అంటాం. పిచ్చి కాదు, మనసు కాసేపు దారి తప్పడం. ఇంజెక్షన్లు పనిచేశాక జ్వరం దిగింది, మాట తేటపడింది. వేలు నిలబడింది.

సమ్మక్క ఆయన బీపీ చూసేటప్పుడు చెయ్యి ఎంత సాగుతుందో అంత దూరంలో నిలబడేది.

"ఏంది బిడ్డా, గంత దూరం నిలబడ్డవ్? నా కాలే కుళ్లింది, నేను కుళ్లలే," అనేవారు ఆయన.

పక్క మంచం మీద కాలికి ప్లాస్టర్‌తో ఒడియా సుబేదార్ సాబ్ ఉండేవారు. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాకపోయినా, ఎర్రయ్య గారు ఏమన్నా ముందు నవ్వేసి తర్వాత నన్ను అర్థం అడిగేవారు.

ఒక ఉదయం రౌండ్సులో డాక్టర్ గారు కాలు చూసి, రేపు పంపించేద్దాం అన్నారు. మధ్యాహ్నం పెద్ద వాన పట్టుకుని కరెంటు పోయింది. వార్డంతా మసక. నేను మందుల గదిలో ఉన్నాను. సమ్మక్క మొదటిసారి తనంతట తానుగా మంచం పక్కదాకా వెళ్లింది. మంచి కబురు కదా. నేర్చుకున్న వాక్యం నవ్వుతూ చెప్పింది.

"సర్, కల్ ఆప్‌కా డిశ్చార్జ్ హై."

సమ్మక్క కేక వినబడి నేను పరుగెత్తాను. ఎర్రయ్య గారు మంచం కిందినుంచి తన పాత నల్ల బూట్లు లాగి, డ్రెస్సింగ్ ఉన్న కాలిని ఒకదాంట్లోకి దూర్చేశారు. లేసులు బిగించారు. లేచి మంచం కాళ్ల దగ్గర అటెన్షన్‌లో నిలబడ్డారు. ఒక చెయ్యి మంచం కడ్డీని పట్టుకుని ఉంది.

"సాబ్‌ను పిలువుండ్రి," అన్నారు. "నా కాలు మంచిగైంది. దౌడ్ చేస్త, చూడమను. నన్నెందుకు డిశ్చార్జ్ చేస్తుండ్రు? నేనేం తప్పు చేసిన?"

సమ్మక్క గోడకు అంటుకుపోయింది. ఆమె చూపంతా ఆ బూట్ల మీదే ఉంది.

ముందు షుగర్ చూశాను. షుగర్ పడిపోయినా మనిషి ఇలాగే అవుతాడు కాబట్టి మొదట చెయ్యాల్సింది అదే. నిలబడే వేలు ఇచ్చారు. షుగర్ బాగానే ఉంది. అంటే మనసే మళ్లీ దారి తప్పింది. ఇక నా కళ్లు కిందికి పోయాయి. ఆ బూటు లోపల ఇంకా మానని పుండుంది. వారం రోజుల ఇంజెక్షన్లతో దక్కించుకున్న వేలు అది. దాని మీద తోలుబూటు బిగించి, ఒంటి బరువంతా వేసి నిలబడ్డాడు మనిషి. తియ్యడానికి వంగితే కాలు వెనక్కి లాక్కున్నారు. బలవంతం చేస్తే పడిపోతారు.

మేట్రన్ వచ్చి నెమ్మదిగా, "బాబా, మీరు రిటైరై ఎన్నో ఏళ్లయింది" అన్నారు.

ఎర్రయ్య గారు నా వైపు తిరిగారు. "రిటైర్ గూడ చేసేసిండ్రా బిడ్డా? నన్ను అడగకుండనే?"

నిజం చెప్పినకొద్దీ ఆయన ఇంకా బిగుసుకుపోయారు. అప్పుడు సుబేదార్ సాబ్ నన్ను చేత్తో పిలిచి హిందీలో గుసగుసగా చెప్పారు. "ఫౌజులో డిశ్చార్జ్ అంటే ఇంటికి పంపడం కాదమ్మా, ఫౌజు నుంచి పంపెయ్యడం. ఈయన జవానుగా ఉన్నప్పుడు కాలు విరిగి మిలటరీ ఆసుపత్రిలో చాలాకాలం పడున్నాడట. పనికిరావని పంపేస్తారేమోనని రోజూ వణికేవాడట. మొన్ననే చెప్పాడు. ఇప్పుడూ కాలే, ఇప్పుడూ ఆసుపత్రే. ఆ పిల్ల పాపం ఆ మాటే అంది."

నేను బయటికి వచ్చేసరికి వరండాలో సమ్మక్క తన సంచి సర్దుకుంటోంది. ఎదురుగా విమల మేడమ్ ఉన్నారు.

"నేను ఇంటికి పోతా మేడమ్. ఈ పోస్టింగ్ నాతోటి కాదు."

"ఏం జరిగిందో చెప్పకుండా పోతానంటే ఎలాగమ్మా?"

"నేనేమన్న? ఇంటికి పోవచ్చు తాతా అని చెప్పిన, గంతే. మా ఊర్ల అయితే సుట్టి అయింది అంటం, ముసలోళ్లు సంబురపడతరు. మీరు ఆ మాట అనొద్దంటిరి."

నేను సుబేదార్ సాబ్ చెప్పింది చెప్పాను. చెబుతుండగానే నాకు తట్టింది. ఛుట్టీ అనేది ఆసుపత్రి మాట ఒక్కటే కాదు. ఫౌజీకి ఛుట్టీ అంటే సెలవు. సెలవు మీద పోయినవాడి పేరు ఫౌజు జాబితాలోనే ఉంటుంది. వాడు తిరిగొస్తాడు.

"మేడమ్," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. మళ్లీ అన్నాను. "మేడమ్, మీరు వెళ్లి ఛుట్టీ అనండి. మీకు వయసుంది, తెల్లకోటుంది. మీరంటే వింటారు."

ఆవిడ ఒక్క క్షణం నన్నూ సమ్మక్కనూ మార్చి మార్చి చూశారు. తర్వాత కోటు గుండీలు పెట్టుకుని లోపలికి నడిచారు. ఆయనకు ఎదురుగా నిటారుగా నిలబడి, నాకు ఎప్పటికీ రాని గొంతుతో హిందీలో చెప్పారు.

"హవల్దార్ సాబ్! ఆప్‌కీ ఛుట్టీ మంజూర్ హో గయీ హై."

ఎర్రయ్య గారి కళ్లు కదిలాయి. "ఛుట్టీనా? డిశ్చార్జ్ కాదా?"

"ఛుట్టీ."

"మంజూరు చేసిందెవరు?"

"డాక్టర్ సాబ్."

ఆయన ఫౌజీ అడిగే ప్రశ్నే అడిగారు. "ఎన్ని దినాలు?"

మేడమ్ వెనక్కి తిరిగి నా వైపు చూశారు. రోజులు చెప్పడం తేలికే, కానీ అబద్ధం చెప్పి ఆయన్ను ఇంటికి పంపడం నాకు ఇష్టం లేదు.

"పుండు మానేదాక," అంది వెనక నుంచి ఒక గొంతు.

సమ్మక్క. సంచి ఇంకా భుజానికే ఉంది. గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

ఆయన తెలుగు విని అటు తిరిగారు. "మానినంక?"

"మానినంక వచ్చి సూపియ్యాలె తాతా. రాకపోతే ఊకోం."

"వస్త. ఎందుకు రాను? నేను ఎప్పుడన్న లేటొచ్చిన్నా?"

"మరి బూట్లేంది? సుట్టిల పోయేటోళ్లు బూట్లేసుకుంటరా?"

సుబేదార్ సాబ్‌కు ఏమర్థమైందో గానీ, సరిగ్గా అప్పుడే మంచం మీది నుంచి పెద్దగా "విశ్రామ్!" అని, అటెన్షన్ వదలమనే పరేడు ఆజ్ఞ అరిచారు. ఎర్రయ్య గారి భుజాలు జారాయి. మంచం అంచున కూర్చున్నారు. నేను వంగబోయాను గానీ సమ్మక్క అప్పటికే నేల మీద కూర్చుంది. ఆ నల్ల బూటును ఒళ్లోకి తీసుకుని, ముడిపడిన లేసును గోటితో విప్పడం మొదలుపెట్టింది. ముడి వీడాక బూటును మెల్లగా లాగింది.

"ఏంది బిడ్డా, ఇయ్యాల గింత దగ్గరికొచ్చినవ్?" అన్నారు ఆయన.

"మీ కాలు కుళ్లకుండ," అంది, తలెత్తకుండా.

డ్రెస్సింగ్ నెత్తురుతో తడిసింది. పుండు అంచు కొంచెం విచ్చుకుంది. సర్జన్ వచ్చి చూసి కోప్పడి ఇంకో రెండు రోజులు ఉంచుకున్నారు. వేలు మాత్రం దక్కింది. తిరిగి రమ్మన్న రోజుకు ఒకరోజు ముందే ఎర్రయ్య గారు ఓపీలో కూర్చుని కనిపించారు. మనిషి తేటగా ఉన్నాడు. ఆ రోజు సంగతి గుర్తుందో లేదో అడిగే ధైర్యం నాకు లేదు.

"ఇవాళ కాదు కదా, రేపు కదా రావాల్సింది?" అన్నాను.

"ఛుట్టీ నుంచి ఫౌజీ లేటు రావొద్దు బిడ్డా," అని కళ్లు చికిలించి నవ్వారు. "అవునుగని, నాకు ఛుట్టీ ఇచ్చిన ఆ చిన్న అఫ్సర్ ఏది?"

ఆ చిన్న అఫ్సర్ ఆ రోజు పైవార్డులో ఉంది. పిలిపించాను. సమ్మక్క పోస్టింగ్ పూర్తయ్యేదాకా ఉంది.

చదువుకునే రోజుల్లో మాకు ఒక సూత్రం చెప్పేవారు. దారి తప్పిన మనసును ఉన్నచోటికి, ఉన్న వేళకు పిలుచుకురావాలని. అది తప్పు కాదు. కానీ ఎర్రయ్య గారిని మేము ఈ రోజులోకి లాగుతున్నప్పుడు ఆయన భయం ఆ రోజుల్లోనే నిలబడి ఉంది. దాన్ని అక్కడే పలకరించాల్సి వచ్చింది. అందుకు కొత్త మాటేమీ అవసరం పడలేదు, అబద్ధమూ అవసరం పడలేదు. మా ఊళ్లలో అందరూ అనే మాట, సరిగ్గా దానర్థంలోనే, సరిపోయింది. దాన్ని మేమే నోట్లోంచి తీసేయించాం.

ఇప్పుడు నా ఓరియెంటేషన్ కాస్త పొడుగైంది. హోదాలూ, భుజం తట్టకూడదన్న సంగతీ అయ్యాక, ఒక్కొక్కరినీ అడుగుతాను. మీ ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి నుంచి తిరిగొస్తే మీవాళ్లు ఏమంటారు? మొదట సిగ్గుపడతారు. తర్వాత హల్బీలో ఒకరు, గోండీలో ఒకరు, దోర్లీలో ఒకరు మొదలుపెడతారు. గదిలో గోల పుడుతుంది. అప్పుడిక నేను మాట్లాడాల్సిన పని ఉండదు, వింటే చాలు. అది నాకు వచ్చిన పనే.

మరుసటి ఏడాది విమల మేడమ్ కొత్త బ్యాచ్‌తో వచ్చారు. జరిగినదాని గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ రోజు నేను వెనక నిలబడి ఉండగా ఆవిడే లేచి, అదే ఖచ్చితమైన గొంతుతో అమ్మాయిలకు చెప్పారు.

"కాగితం మీద డిశ్చార్జి అని రాయండి. నోటితో మాత్రం ఛుట్టీ అనండి. ఏదీ, అనండి."