కాటుక పట్టిన జొన్న

యుద్ధం రోజుల్లో ఒక ఏడు శామీర్‌పేట అవతల మా మెట్ట చెల్కలో జొన్నకు కాటుక తెగులు తగిలింది. అప్పుడు నేను చిన్నపిల్లను. దూరం నుంచి చూస్తే పైరు ఏపుగానే ఉండేది. దగ్గరికి పోతే కొన్ని కంకుల్లో గింజ ఉండాల్సిన చోట బూడిదరంగు తిత్తులు కనిపించేవి. వేలితో నొక్కితే పగిలి నల్లటి పొడి రాలేది.

కోతలప్పుడు నాయిన తల్లి, మా అవ్వ, ఆ కంకులన్నీ ఏరి పక్కన కుప్ప పోసింది.

"కాలవెట్టు బిడ్డా, జల్దీ," అంది నాయినతో.

"కొన్నిట్ల సగం గింజ మంచిగనే ఉందే అమ్మా. తినే గింజను ఎట్ల కాలవెట్టాలె?"

నాయిన వినలేదు. అన్నీ కలిపి కళ్లంలో ఎడ్లతో తొక్కించాడు. తిత్తులు పగిలి మసి లేచింది. ఎడ్ల మూతులు, అమ్మ ముఖం నల్లబడ్డాయి. గింజను ఎంత కడిగినా రొట్టెలు మురికిగానే వచ్చేవి. అవే తిన్నాం.

యుద్ధకాలపు తప్పనిసరి లెవీ కింద సర్కారోళ్లు కొలుచుకుపోగా మిగిలిన గింజనే తొలకరికి విత్తనమన్నాడు నాయిన.

"మసి ఇత్తు ఏస్తే మసే మొలుస్తది," అంది అవ్వ.

"కడిగిన గదనే! ఇంక యాడికెల్లి తేవాలె?"

వానలు బాగా పడ్డాయి. పైరు నాయిన తలకంటే ఎత్తు లేచింది. ఆయన ముఖంలో నవ్వు చూసి మేమూ ధైర్యపడ్డాం.

కంకులు పాలు పోసుకునే వేళకు మంచి కంకి కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. నాయిన సాలు వెంట సాలు తిరుగుతూ, ఒక్కో కంకి వంచి తిత్తులు చిదిమి చూశాడు. పొద్దుగూకి ఇంటికొచ్చినప్పుడు మోచేతుల దాకా నలుపే. అమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడింది. ఆయన కడుక్కోకుండానే అరుగు మీద కూలబడ్డాడు.

ఆ చలికాలం అమ్మ సడక్ పనికి కంకర కొట్టడానికి పోయింది. తెచ్చిన నూకలు గటక కాస్తే అవ్వ తన గిన్నె మా ముందుకు జరిపేది.

"నాకు ఆకలైతలేదే. మీరు తినుండ్రి."

మేం నిజమేననుకుని తిన్నాం. మాఘం వెళ్లకముందే ఒక పొద్దున ఆమె లేవలేదు. అవ్వను పూడ్చి వచ్చాక నాయిన అమ్మతో ఒక్క మాటే అన్నాడు.

"అమ్మ చెప్పింది. నేనే ఇనకపోతి."

తర్వాత ఎడ్లనమ్మి, మేడ్చల్ స్టేషన్లో బస్తాలు మోసే పనికి పోయాడు. ఆయన భుజాల మీద బండెక్కినవన్నీ ఎవరో పండించిన జొన్నలు.