ఏ రకమో తేల్చిన డాక్టరమ్మ

మా డాక్టరమ్మ పోయారని నిన్న పొద్దున ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. బడిలో లెక్కలు చెబుతున్నదాన్ని వరండాలోకి వచ్చి ఏడ్చాను. ఆమె లేకపోయి ఉంటే, అలా ఏడవడానికి నేనే ఉండేదాన్ని కాదు.

ఇంటర్ చదివేటప్పుడు నాకు తగ్గని జ్వరం, ఒంటినిండా కమిలిన మచ్చలు వచ్చాయి. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అన్నారు. ఎముకల మూలుగలో పుట్టే రక్త క్యాన్సర్. లాల్‌దర్వాజాలో గాజుల దుకాణం నడిపే మా బాపు డాక్టరమ్మను బతిమాలాడు. "రోగమేందో తెలిసింది గదమ్మా, ఇంక ఈ పరీక్షలేంది?"

"మందు మొదలువెట్టినం భాయ్. గానీ ఇది ఒక్క రోగం కాదు," అన్నారామె. "మీ గల్లీల ఇంటిపేరొక్కటే చెప్పి పిలిస్తే ఎంతమంది బయటికొస్తరు? నాకు దీని అసలు పేరు కావాలె."

ఆమె ఎప్పుడూ నిలబడి మాట్లాడేవారు కాదు. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చునేవారు. "తెల్ల రక్తకణాలల్ల బీ, టీ అని తెగలుంటయి. చెడ్డ కణం ఏ తెగదో ముందు చూస్తం బేటీ. తర్వాత దాని క్రోమోజోములల్ల ఏం మారిందో చూస్తం. రకాన్ని బట్టే వైద్యం." తాము చదువుకునే రోజుల్లో సూక్ష్మదర్శినిలో కణం ఆకారం చూసి మూడు రకాలుగా విడదీసేవాళ్ళమనీ, అది ఇప్పుడు సరిపోదనీ చెప్పారు. చిన్న డాక్టర్లు ఎవరైనా రోగం పేరు చెప్పి ఊరుకుంటే వదిలేవారు కాదు. "గదే, ఏ రకం?" అనేవారు.

నాది బీ తెగ అని తేలింది. అందులోనూ ఫిలడెల్ఫియా క్రోమోజోము ఉన్న రకం. రెండు క్రోమోజోములు ముక్కలు మార్చుకుని, కణాలను ఆగకుండా పెరగమని తరుముతాయట.

"మంచిదా, చెడ్డదా అమ్మా?" అని అడిగాడు బాపు.

"ఒకప్పుడు మస్తు చెడ్డది. ఈ పేరు చూస్తే మాకే భయమయ్యేది. ఇప్పుడు దాన్ని ఆపేటందుకే గోలీ వచ్చింది. పేరు తెల్వకపోతే ఆ గోలీ ఇయ్యకపోతుంటిమి. ఫికర్ చెయ్యకు."

కీమోతో పాటు ఆ గోలీ కూడా మొదలైంది. వాంతులు, నోటిపుళ్ళు, మళ్ళీ మళ్ళీ జ్వరం. ఒక మధ్యాహ్నం, మూలుగ పరీక్ష ఫలితం వచ్చిన రోజు, ఆమె మెట్లెక్కి ఆయాసపడుతూ వార్డులోకి వచ్చారు. "జీత్ గయే బేటీ! గెలిచినం! ఒక్క చెడ్డ కణం దొరకలే!" అని అరిచారు. వార్డంతా మా వైపు తిరిగింది. బాపు ఆమె కాళ్ళకు మొక్కబోతే చేతులు పట్టుకుని ఆపారు. "నాకెందుకు భాయ్? పోరి కొట్లాడింది." ఆ తర్వాత కూడా మందులు చాలాకాలం వాడాను. రోగం మాత్రం మళ్ళీ రాలేదు.

నిన్న ఆఖరి చూపుకు వెళ్తే, సంతోష్‌నగర్‌లో ఆమె ఇంటి ముందు గల్లీలో నడవడానికి చోటు లేదు. అందరూ ఆమె బతికించినవాళ్ళే. ఆటో నడిపే ఆయన, కాలేజీ పిల్లలు, కడుపుతో ఉన్న ఒక అమ్మాయి. ఒక తల్లి భుజం మీద, ఈ మధ్యే వైద్యం ముగిసిన పసిపాప నిద్రపోతోంది. దాని తల మీద అప్పుడే మొలిచిన మెత్తటి వెంట్రుకలు ఎండలో మెరుస్తున్నాయి.