చేతులతో ఎగిరిన రోజు

పంతొమ్మిది వందల నలభైల్లో, బెజవాడలో కాలేజీ చదువు వెలగబెడుతున్న ఆ రోజుల్లో, నా పొడవునే నా ప్రతిభ అనుకునేవాణ్ణి. వాలీబాల్ ఆటలో నేను నెట్ దగ్గర నిలబడితే చాలు, ఎదుటివాళ్లు జడుసుకుంటారని నమ్మకం. (జడుసుకున్నామని ఎవరూ చెప్పిన పాపాన పోలేదు.) నా గదిలోనే ఉండే పామర్రు బావ, అంటే మా మేనమామ కొడుకు, నా భుజం దాకా వస్తాడంతే. ఇద్దరం రోజూ పొద్దున్నే కలిసి సాధన చేసేవాళ్లం. తీరా చూస్తే బందరు పోటీలకు వెళ్లే జట్టులో ఒక్క చోటే మిగిలింది.

మాతోపాటు ఇంకా చోటు దొరకని ఆటగాళ్లందరినీ నిలబెట్టి డ్రిల్లు మాస్టారు ఒక పరీక్ష పెట్టారు. వేళ్లకు సుద్దపొడి రాసుకుని, గోడ పక్కన నిలబడి, చెయ్యి అందినంత ఎత్తున ఒక గుర్తు పెట్టాలి. తరవాత ఉన్నచోటు నుంచే ఎగిరి ఇంకో గుర్తు. రెండింటి మధ్య ఎడమే లెక్క. అంటే నా పొడవు అక్కడ చెల్లదన్నమాట! అది తెలియగానే నాకు సగం నీరసం వచ్చింది. బావ మోకాళ్లు కాస్త వంచి, చేతులు వెనక్కి తీసి ఒక్కసారిగా పైకి విసిరాడు. మూరెడు పైన పడింది గుర్తు. నేనేమో మొదటి గుర్తు పెట్టిన చెయ్యి దించకుండా, దీపస్తంభంలా బిగుసుకుని ఎగిరాను. జానెడు దాటలేదు.

“ఎగిరావా, తుమ్మావా?” అన్నారు మాస్టారు.

ఆయన బావను ఎంపిక చేయబోతుంటే బావే అడ్డొచ్చాడు. “ఆగండి మాస్టారూ. వీడు చెయ్యి పైనే పెట్టుకుని ఎగిరాడండీ. మేమంతా చేతులు ఊపి ఎగిరాం. ఇలాగైతే వీడి కాళ్ల సత్తా మీకెలా తెలుస్తుందండీ?”

“నీ చోటు పోతుందేమోనయ్యా!”

“పోతే పోనివ్వండి.”

ఆపైన నన్ను పక్కకు లాగి పాఠం మొదలెట్టాడు. “ఒరేయ్, వంగి అక్కడే కాపురం పెట్టకు. వంగీ వంగగానే లే. చేతులు బాగా విసురు.” ఎంత బాగా విసిరానంటే, మాస్టారి టోపీ ఎగిరి అవతల పడింది. రెండోసారి మాత్రం ఎవరో చంకల కింద పట్టుకుని ఎత్తినట్టు పైకి పోయాను. నా ఎడం బావ ఎడం కంటే రెండు వేళ్లు ఎక్కువొచ్చింది.

“అవే కాళ్లు గదయ్యా, ఇందాక ఎక్కడ దాచావు?” అంటూ టోపీ దులుపుకుని మాస్టారు నన్నే తీసుకున్నారు. బావ మొహం ఒక్క క్షణం వాడిపోయింది. మరుక్షణం నా వీపు అదిరేట్టు చరిచాడు.

“ఎందుకు చెప్పావు బావా?” అన్నాను గదికొచ్చాక.

“సరిగ్గా ఎగరనివాణ్ణి గెలిస్తే అదీ ఒక గెలుపేనట్రా?” అని అటు తిరిగి పడుకున్నాడు.

బందరుకు మాతోపాటే వచ్చాడు. ఆటంతా గీత పక్కన నిలబడి “చేతులూ, చేతులూ!” అని అరుస్తూనే ఉన్నాడు. గెలిచాం. కప్పు అతని చేతికివ్వబోతే ముందు మంచినీళ్లిమ్మని సైగ చేశాడు. గొంతు పూర్తిగా పోయింది పాపం!

ఇప్పుడు బస్సు దిగాలంటే కండక్టరు నా చెయ్యి పట్టుకోవాలి. “నిదానం తాతగారూ,” అంటాడు మర్యాదగా. గాల్లో ఉండగా నేనెంత బాగుండేవాణ్ణో అతనికి చెబుదామనిపిస్తుంది. ఈలోగా బస్సు కదిలిపోతుంది. నేను రోడ్డు మీద ఒంటరిగా నవ్వుకుంటూ నిలబడతాను.