అవ్వ నాలుక మీది సముద్రం

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో మా పాపకి స్కూల్ బ్యాగు కొనడానికి పోయి, పక్కనే ఉన్న చేపల తొట్ల దుకాణం ముందు నిలబడిపోయాను. దుకాణం అతను ఒక తొట్టి మూత ఎత్తాడు. తడి ఇసుక, నాచు, రబ్బరు గొట్టం, కొంచెం ఉప్పు, అన్నీ కలిసిన వాసన ముఖానికి కొట్టింది. పాప చేపలు కొనమని చెయ్యి గుంజుతుంటే అంతమంది ముందర కసిరాను. అది బిత్తరపోయి నా వైపు చూసింది. తప్పు దానిది కాదని నాకు తెలుసు.

నాకు పదకొండేళ్ళప్పుడు మేం గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వెనక గల్లీలో ఉండేవాళ్ళం. మా గల్లీకి క్యాలెండర్‌తో పనిలేదు, ముక్కు చాలు: ఎండాకాలమంతా వరిగడ్డిలో మగ్గిన మామిడిపండ్ల వాసన, వానలు పడితే ఆ గడ్డే కుళ్ళిన వాసన, దసరా ముందు సీతాఫలాలు, చలికి జామకాయలు, ఏడాది పొడుగునా లారీల డీజిల్. పొద్దుగూకే వేళ మేం లారీల నుంచి రాలిన బత్తాయిలతో బంతాట ఆడి, ఆట అయిపోయాక ఆ బంతుల్నే ఒలుచుకు తినేవాళ్ళం. మాది పోచంపల్లి దగ్గరి మగ్గాల ఊరు. నాయిన మగ్గం అమ్మేసి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో సేల్స్‌మన్‌గా కుదిరాడు, పొద్దంతా చీరలు విప్పి మడత పెట్టే మెత్తని మనిషి. అమ్మ లేదు. అవ్వ మాత్రం పెరట్లో రెండు తొట్లు పెట్టుకుని, ఊరి నుంచి వచ్చే నూలుకు ఇంకా రంగులద్దుతూనే ఉండేది. రంగు నీళ్ళలో ఉప్పు సరిపోయిందో లేదో ఆమె వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని చెప్పేది. మొత్తం మీద ఆ నాలుక ఒక్కసారి కూడా తప్పలేదని మా ఊళ్ళో పేరు.

పక్క పోర్షన్‌లో కిరాయికి ఉండేది ప్రసాద్ అంకుల్ కుటుంబం. వాళ్ళది చీరాల. ఆయన పండ్ల మార్కెట్‌లో గుమాస్తా, ఆయన కూతురు లావణ్య నా క్లాసే, నా జత. అంకుల్ బావమరిది సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల హేచరీలో పనిచేసేవాడు. వలలో చిక్కిన మూడు సముద్ర గుర్రాలను అతను క్యాన్లో పోసి పంపాడు. వాటిని పట్టడం, పెంచడం నేరమని నాకు పెద్దయ్యాక గాని తెలియలేదు, అంకుల్‌కి తెలుసో లేదో ఇక అడగడానికి లేదు. ఆయన మాత్రం వాటికోసం పసిపిల్లల తండ్రిలా పాటుపడ్డాడు. అద్దాలు కోయించి తొట్టి అతికించాడు. అవి ఈతలో బహు బలహీనమట, బుడగల జోరుకు కొట్టుకుపోతాయని గాలి గొట్టానికి బట్టల క్లిప్పు పెట్టి బిగించాడు. తోకతో ఏదో ఒకటి చుట్టుకుని పట్టుకోకపోతే వాటికి నిమ్మళం ఉండదని చెబితే, అవ్వ రంగు వెయ్యని నూలు పేని, తాడులా మెలిపెట్టిన పోగుల కట్ట, ఇచ్చింది. దాన్ని గంజి పోయేదాకా ఉడకబెట్టి తొట్టిలో వేలాడగట్టారు. చచ్చిన మేత అవి ముట్టవు కాబట్టి, రొయ్యపిల్లలకు మేతగా వేసే చిట్టి నీటిపురుగుల గుడ్లను ఉప్పునీళ్ళ సీసాలో పోసి పొదిగించేవాళ్ళు. మర్నాటికి సీసాలో నారింజ రంగు నలుసులు గిలగిలమంటూ తిరిగేవి. ఇక నీళ్ళు, అవి అసలు సముద్రం నీళ్ళే. పండ్ల లోడుతో వచ్చే లారీ డ్రైవరు నెలకు రెండుసార్లు నాలుగు క్యాన్లు తెచ్చి దింపేవాడు.

ఆ సెప్టెంబర్‌లో మగ గుర్రం కడుపు ఉబ్బింది. మగదే పిల్లల్ని మోస్తుందని అంకుల్ చెబితే అవ్వ పడీపడీ నవ్వింది.

"ఆడోళ్ళ తిప్పలు దేవునికి గీ ఒక్క కాడ్నే సమజైనయి," అంది.

అప్పటికి ఉద్యమం ఇంటింటికీ వచ్చేసింది. డిగ్రీ రెండో ఏడు చదివే మా అన్న నరేశ్ మెడలో గులాబీ కండువాతోనే అన్నం తినేవాడు. గల్లీలో ఎవరు ఎక్కడివాళ్ళో అంతకుముందు ఎవరికీ పట్టలేదు, ఇప్పుడు కూరగాయల బండి దగ్గర కూడా మాట యాసను బట్టి మనిషిని చూసేవాళ్ళు. ఒకరోజు గేటు దగ్గర అన్న నవ్వుతూ, "అంకుల్, తెలంగాణ ఒస్తే మీ గుర్రాలను గూడ చీరాల బస్సు ఎక్కిస్త," అన్నాడు. అంకుల్ కూడా నవ్వాడు. ఆంటీ నవ్వలేదు, తలుపు దగ్గరగా వేసుకుంది.

బతుకమ్మకు ముందు అంకుల్ వాళ్ళమ్మ పోయిందని కబురొచ్చింది. నాలుగు రోజుల్లో వచ్చేస్తామని లావణ్య నా చేతిలో తాళంచెవి పెట్టింది. పిల్లలు పుడితే లెక్కపెట్టి ఫోన్ చెయ్యమంది. వాళ్ళు వెళ్ళిన మూడో రోజు సమ్మె మొదలై బస్సులు ఆగాయి. లారీలు ఆగాయి. తర్వాత కరెంటు కోతలు వచ్చాయి, పంపు ఆగినప్పుడల్లా నేను గిన్నెతో తొట్టి నీళ్ళు తీసి ఎత్తి పోసేదాన్ని. చేతులు లాగేవి. మార్కెట్లో సీతాఫలాలు గుట్టలుగా కుళ్ళుతుంటే గల్లీ అంతా ఈగలు. ఉన్న క్యాన్లు రెండు వారాలకే అయిపోయాయి. నీళ్ళు పసుపు తిరిగి, కంపు పట్టి, గుర్రాలు నూలు పేనిని పట్టుకుని తలలు వాల్చేశాయి.

అంకుల్ ఫోన్లో ఒకటే చెప్పాడు.

"ఉన్న నీళ్ళతోనే నెట్టుకురామ్మా. నువ్వు మాత్రం ఏదీ కలపొద్దు."

సరేనన్నాను. కానీ మర్నాడు మగ గుర్రం గట్టిగా ఊపిరి తీస్తున్నట్టు మూతి ఆడిస్తుంటే చూడలేక అవ్వ దగ్గరికి పోయి ఏడ్చాను.

"గిదేం పెద్ద ముచ్చట బిడ్డా. ఉప్పు నీళ్ళే గద," అంది అవ్వ.

అవ్వ జన్మలో సముద్రం చూడలేదు. క్యాన్ అడుగున మిగిలిన గుక్కెడు నీళ్ళలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది, కళ్ళు మూసుకుని కాసేపు చప్పరించింది. తర్వాత రంగుల తొట్టిని మూడుసార్లు కడిగి, నల్లా నీళ్ళు పట్టి, పెరట్లో ఉన్న అద్దకపు ఉప్పు సంచిలోంచి మగ్గుతో ఉప్పు తీసి పోసి కలిపింది. మళ్ళీ చప్పరించింది, ఇంకో పిడికెడు వేసింది, మళ్ళీ చప్పరించింది. "సరిపోయె," అంది. నేనూ రుచి చూశాను. రెండూ ఒక్కటే. ఆ తొట్టిలో పొద్దున బతుకమ్మ కోసం గునుగు పూలకు రంగులద్దారనీ, ఆ మగ్గుతోనే అద్దకపు సోడా కూడా తోడతారనీ నాకు తెలుసు. తెలిసి కూడా నాకు తట్టలేదు. మా ఇంట్లో అందరం పుట్టినప్పటి నుంచి ఆ నాలుకనే నమ్మినవాళ్ళం.

పాత నీళ్ళు తోడేసి కొత్తవి పోశాను. తొట్టి తళతళలాడింది. బయట ఆడవాళ్ళు బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతుంటే నేను పోయి కొత్త లంగా వేసుకుని వాళ్ళతో తిరిగాను, మలీద ముద్దలు రెండు తిన్నాను.

పొద్దున చూస్తే నూలు పేని ఖాళీగా ఊగుతోంది. మూడూ ఇసుక మీద పక్కకు ఒరిగి ఉన్నాయి. మగదాని కడుపు చినిగి, కత్తిరించిన దారప్పోగుల్లాంటి పిల్లలు నీళ్ళ నిండా తేలుతున్నాయి. లావణ్యకు మాట ఇచ్చానని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నలభై దాటాక నావల్ల కాలేదు.

కరెంటు పోయి చచ్చిపోయాయని ఫోన్లో చెప్పాను. అవ్వకు నిజం తెలుసు. "నా మీద ఒట్టు అవ్వా, ఎవ్వలకు చెప్పకు," అని కాళ్ళు పట్టుకున్నాను. దసరా కాగానే ఆమె ఊరికి పోయింది.

నెల తిరిగాక అంకుల్ వాళ్ళు వచ్చారు. తొట్టి అడుగున ఇసుక ఎర్రగా ఉంది, అద్దం అంచున తెల్లటి పొడి పేరుకుని ఉంది. అంకుల్ దాన్ని వేలితో గీకి చూశాడు.

"ఇందులో ఎవరో ఏదో కలిపారు," అన్నాడు మెల్లగా.

"ఎవరో ఏంటండీ. చీరాల పంపిస్తానన్నాడుగా, పంపించాడు," అంది ఆంటీ, మా గేటు వైపు చూస్తూ.

గల్లీ మొత్తం గుమిగూడింది. నాయిన షాపు నుంచి అప్పుడే వచ్చాడు. విషయం విని, అన్న కండువా పట్టుకుని ముందుకు లాగి, అందరి ముందూ చెంపలు వాయించాడు. మా మీద ఏనాడూ చెయ్యెత్తని మనిషి.

"నేను గాదు నాయినా," అన్నాడు అన్న, ఒక్కసారే.

"మూగజీవాలు ఏం జేసినయిరా నిన్ను. నువ్వు నా కొడుకువే గాదు," అన్నాడు నాయిన.

నేను లావణ్య పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. దెబ్బలకు భయపడ్డానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను గాని, అది కాదు, లావణ్య నన్ను అసహ్యించుకుంటుందని భయపడ్డాను. వాళ్ళు పది రోజుల్లో వనస్థలిపురం వైపు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఆ పిల్ల ఎలాగూ మళ్ళీ నాతో మాట్లాడలేదు.

అవ్వ ఊరి నుంచి వచ్చి సంగతి విని, ఒట్టుకు కట్టుబడి ఊరుకుంది. కానీ ఆ తర్వాత ఏ రంగు నీళ్ళలోనూ వేలు ముంచలేదు, రెండు నెలలకు తొట్లు అమ్మేసింది. అన్న చదువు మధ్యలో వదిలి ఎల్‌బీ నగర్‌లో ఒక బస్సుల ఆఫీసులో చేరి అక్కడే ఉండిపోయాడు. తెలంగాణ వచ్చిన రోజు గల్లీలో అందరూ రంగులు చల్లుకున్నారు, అన్న రాలేదు. పండక్కి వచ్చినా నాయినతో "అన్నం తిన్నవా" అన్నదాకే మాట.

ఇప్పుడు ఆ మార్కెట్ అక్కడ లేదు, బాటసింగారం పోయింది. గల్లీలో ఏ కాలమో ముక్కుకు తెలియదు. మా పోర్షన్లు రెండూ కూలగొట్టి అపార్ట్‌మెంట్ లేపారు. అవ్వ పోయింది, ప్రసాద్ అంకుల్ కూడా పోయాడని ఎవరో చెప్పారు.

ఆ దుకాణం దగ్గర పాపను కసిరిన మూడో రోజు అన్న ఇంటికి పోయాను. మెట్ల మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పాను: అవ్వ, ఉప్పు, తొట్టి, ఒట్టు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. అన్న ఒకటే అడిగాడు.

"నాయినకు ఎన్నడన్న చెప్పినవా?"

నాయిన పోయి అప్పటికి ఏడాది. లేదన్నాను.