ఇనప డ్రమ్ము నీళ్లతో చేసిన పదకొండో బ్యాచ్

మా ల్యాబులో ఒక నియమం ఉండేది. నోటుబుక్కులో ఏది కొట్టేసినా ఒక్క గీతే గీయాలి. కింది అక్షరాలు కనిపించాలి. పక్కన సంతకం, తేదీ ఉండాలి. ఆ నియమం పెట్టింది నేనే. గుంటూరులో ముప్పై ఒక్క ఏళ్లు కెమిస్ట్రీ చెప్పాను.

ప్రత్తిపాడు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒకమ్మాయి నా దగ్గర పీహెచ్‌డీ చేసేది. వాళ్ల నాన్నగారు చర్చి బడిలో మాస్టారు. దాల్చినచెక్క నూనెలోని ఆల్డిహైడ్‌ను సెంట్లలో వాడే ఆల్కహాల్‌గా మార్చడం ఆమె పని. ఆ అణువులో హైడ్రోజన్ చేరగల చోట్లు రెండు. మాకు ఒక్కచోటే చేరాలి. ప్లాటినం లవణాన్ని నీళ్లలో కరిగించి, అల్యూమినా పొడి మీద ఎక్కించి, ఆ మార్పు జరిపించే కెటలిస్టు చేసేది. పది బ్యాచ్‌లూ పోయాయి. రెండు నెలల్లో ఫలితం చూపకపోతే ఫెలోషిప్ ఆగిపోతుంది.

పదకొండోది కుదిరింది. వచ్చినదాంట్లో నూటికి ఎనభై పాళ్లు మాకు కావలసిన ఆల్కహాలే. నోటుబుక్ తెరిచి చూశాను. "కరెంటు లేదు. డిస్టిల్డ్ వాటర్ అయిపోయింది. వరండాలో ఇనప డ్రమ్ము నీళ్లు వాడాను" అని దాచకుండా రాసింది.

"అవి చేతులు కడుక్కునే నీళ్లమ్మా," అన్నాను.

"అవే నీళ్లతో ఇంకొక్కసారి చేసి చూస్తానండి మేడమ్."

"తుప్పు నీళ్లకి డాక్టరేట్ ఇస్తారా ఎవరైనా?"

ఎర్రసిరాతో ఆ ఫలితం మీద గీత గీసి, సంతకం పెట్టి తేదీ వేశాను. ఫెలోషిప్ ఆగింది. ఆమె కనిగిరిలో స్కూల్ టీచరుగా చేరింది.

ప్లాటినం పక్కన కాస్త ఐరన్ ఆక్సైడ్ ఉంటే అణువు మనకు కావలసిన వైపు నుంచి ఆనుకుంటుందని ఎమ్మెస్సీ క్లాసులో ఏటా చెప్పేదాన్ని. బోర్డు మీద బొమ్మ కూడా వేసేదాన్ని. తుప్పంటే ఆ ఐరన్ ఆక్సైడేనని నాకు తెలియక కాదు. డ్రమ్ము దగ్గర అది నాకు మురికిగానే కనిపించింది.

మొన్న ల్యాబులో నా పాత బీరువా ఖాళీ చేయమన్నారు. పదో బ్యాచ్, పదకొండో బ్యాచ్ సీసాలు రెండూ, ఆమె నోటుబుక్కూ అందులోనే ఉన్నాయి. చెరో చిటికెడు ఆసిడ్‌లో నానబెట్టి థయోసయనేట్ చుక్క వేశాను. పదోది రంగు మారలేదు. పదకొండోది ఎర్రబడింది. అంటే ఇనుముంది.

ఆమెకు ఫోన్ చేసి చెప్పాను.

"తెలుసండి. ఆ డ్రమ్ము అడుగు చూశానుగా," అంది.

"మరి అప్పుడే చెప్పలేదేమ్మా?"

"ఇంకొక్కసారి చేస్తానని అడిగాను కదండీ. పేపర్లు దిద్దాలి మేడమ్, ఉంటానండి," అని పెట్టేసింది.

ఎర్రగీత కింద నీలిసిరాతో 'ఈ కొట్టివేత తప్పు' అని రాసి, సంతకం పెట్టి తేదీ వేశాను. ఆ పేజీలో ఇప్పుడు మూడు తేదీలున్నాయి. మొదటి రెంటికీ మధ్య ఒక్క రోజు. రెండోదానికీ మూడోదానికీ మధ్య పంతొమ్మిదేళ్లు.